ఆ బరువు ఉండనివ్వండి

వల్దీవియాలో జూన్ అంటే వాన.
రేకుల మీద వాన నాకిష్టం.
ఎప్పుడు ఆగుతుందో తెలియకపోయినా
ఎలా పడుతుందో ముందే తెలుసు.

ఏటి ఒడ్డు చేపల బజారులో
పద్దెనిమిదేళ్లుగా మెర్లుసా పొలుసులు గీకుతున్నాను.
వెనక మెట్ల మీద సీ లయన్లు బొబ్బరిస్తుంటాయి,
పక్క బల్ల ఒసియెల్ తాత ధరలు అరుస్తుంటాడు,
మోచేతుల దాకా పేగులూ నెత్తురూ.
ఇవేవీ నన్నేం చేయవు.
పళ్లపేస్టులోని పుదీనా మాత్రం
నాలుక మీద నిప్పుకణిక.

"ఇంత కంపులో బతికేదానివి,
పళ్ల డాక్టరంటే భయమా నోల్ఫా!"
అని నవ్వుతారు.
భయం కాదు.
భయానికైతే పేరుంది,
పేరున్నదాన్ని ఎవరికైనా చెప్పుకోవచ్చు.
చొక్కా మెడ వెనక గుడ్డముక్క
రోజంతా గీరుతూ ఉంటే
దాన్ని భయమంటారా?

తొమ్మిదో ఏట ఒక డాక్టరు
"ఐదు లెక్కపెట్టు, ఆపేస్తాను" అన్నాడు.
పెట్టాను.
ఐదయ్యింది.
ఆరు.
ఏడు.
పదకొండు దగ్గర అతని వేలు కొరికాను.
మా వీధిలో ఆ వేలి కథ ఇంకా బతికే ఉంది.
ఆరు సంగతి ఎవరూ చెప్పుకోరు.

అప్పట్నుంచి ముప్పై ఏళ్లు
ఏ డాక్టరు గుమ్మమూ తొక్కలేదు.
కుడి దవడకి సెలవిచ్చి
ఎడమతోనే రొట్టె నమిలాను.
పంటి బిగువున ఓర్చుకో అంటారు గదా,
ఓర్చుకోవలసింది పంటినే అయితే
ఏది బిగించాలి?

ఈ శీతాకాలం ఇక బిగించడానికేమీ మిగల్లేదు.
కాగితాల కొట్టు పైన, మేడ మీద
డాక్టర్ యాస్నా.
నోటితో చెప్పలేక
చేపలు చుట్టే కాగితం మీద రాసి ఇచ్చాను:
దీపం కళ్లల్లోకి వద్దు.
మెడకి ఆ చల్లటి గొలుసు వద్దు.
భుజం తట్టొద్దు, ముఖ్యంగా ఓదార్చడానికి.
మెషీను ముందు నా చేతికివ్వండి, తర్వాతే నోటికి.

ఆమె రెండుసార్లు చదివింది.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
"ఇవాళ కుర్చీలో కూర్చుని వెళ్లిపో" అంది.
కూర్చుని వెళ్లిపోయాను.
దానికి డబ్బు తీసుకోలేదు,
మరుసటి వారం నేనొక కోర్వినా పట్టుకెళ్తే
అది మాత్రం కాదనలేదు.

రెండోసారి ఎక్స్‌రే.
సీసపు ఆప్రాన్ ఒకటి తెచ్చి
మెడ నుంచి మోకాళ్ల దాకా పరిచింది.
ఎంత బరువు!
గది నాలుగు మూలలకీ చెదిరిపోయి ఉన్న నేను,
దీపం గుయ్యిమనే చోట కొంత,
గ్లవ్స్ రబ్బరు వాసన దగ్గర కొంత,
కిందికొచ్చి ఒక్క ఒంట్లో సర్దుకున్నాను.
ఫోటో అయిపోయింది. "తీసేయనా?"
"ఉండనివ్వండి."

ఒసియెల్ తాత ఉన్నిటోపీ
చెవుల మీదికి లాక్కున్నాను.
మెషీను నా అరచేతిలో
అప్పుడే నీళ్లలోంచి తీసిన చేపలా వణికింది.
అలాంటి వణుకు నాకు కొత్త కాదు.
నోరు తెరిచాను.

ఒకటి.
రెండు.
మూడు.
నాలుగు.
ఆగింది.
నేను కళ్లు తెరిచి చూశాను:
ఐదు?
"అది నీ దగ్గరే ఉంచుకో" అంది యాస్నా.

అంతా బాగా జరిగిందని కాదు.
నీళ్లు పీల్చే గొట్టం గురగురకి
ఒకసారి లేచి బయటికెళ్లి
మెట్ల మీద కూర్చున్నాను, చేతులు విదిలిస్తూ.
సగం పని గురువారానికి మిగిలింది.
బస్సులో మొద్దుబారిన పెదవితో
నా స్టాపు పేరు పలకలేక
ఒకటి ముందే దిగి తడుస్తూ నడిచాను.

రాత్రి కట్టెల పొయ్యి పక్కన
బంగాళాదుంపల సంచి ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను.
అక్క ఎల్సిరా గుమ్మంలో నిలబడి చూసింది.
ఏమిటిదని అడగలేదు.
వంటింట్లోకి వెళ్లి
ఇంకో సంచి మోసుకొచ్చింది.